హాజరైన పెద్దలు

ముప్పై రెండు ఫారాలు, మూడు కలాలు.

ల్యాబ్‌లోని పొడుగు బల్ల మీద ఫారాలు పరుచుకుని సీసాలమ్మ తేదీలు వేస్తోంది. మొదటి తేదీ నీలం కలంతో, రెండోది నల్లదాంతో, మూడోది మళ్లీ నీలంతోనే గాని సిరా కక్కే పాత కలంతో. అన్నీ ఒక్క పూటలో కూర్చుని రాసినట్టు కనపడకూడదు. ఒక ఏడాది సైన్స్ ఫెయిర్‌కి వచ్చిన జడ్జి "ఏమిటండీ, నెల్రోజుల సంతకాలూ ఒకే రంగులో ఉన్నాయి?" అని నవ్వి వెళ్లాక, ఈ ఉపాయం ఆమెకే తట్టింది. ఇరవై రెండేళ్లుగా సీసాలు కడుగుతున్న తన బుర్రకీ ఒక పని దొరికిందని లోలోపల కాస్త గర్వపడింది కూడా.

ప్రతి ఫారం చివరా ఒక గడి ఉంటుంది. 'ప్రయోగం జరుగుతున్నంతసేపూ హాజరైన పెద్దల సంతకం.' మంట, ఆమ్లం, కరెంటు, వీటిలో ఏది వాడినా ఆ గడి నిండి తీరాలి. సైన్స్ సార్ ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఎవరితోనో షామియానా బేరం ఆడుతూ, ఆ గడులు నింపుకుంటూ పోతున్నాడు.

"సీసాలమ్మా, ఈ అగ్నిపర్వతం కుర్రాడు ఎన్నిసార్లు పేల్చాడు?"

"ఒక్కసారి సార్. అదీ పేల్లేదు, తుస్సుమంది."

"మూడు తేదీలు వెయ్యి."

ఆమె మూడు వేసింది.

బల్ల పక్కన ఎప్పుడొచ్చి నిలబడిందో ఎనిమిదో తరగతి పిల్ల, తన ఫారం కేసి చూస్తోంది. తల్లి సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ దిగి వచ్చేదాకా పిల్ల సాయంత్రాలు ల్యాబ్‌లోనే గడుపుతుంది. సీసాలమ్మ ఎటు వెళ్తే అటు నడుస్తుంది కాబట్టి స్కూలంతా దాన్ని తోక అంటారు. ఉప్పునీళ్లలో కరెంటు పంపితే ఎంత ఉప్పుకి ఎన్ని బుడగలు వస్తాయన్నది తోక ప్రయోగం. పాత టార్చి సెల్లులు పగలగొట్టి నల్లకడ్డీలు తీయడం దగ్గర్నుంచీ సొంతంగా చేసుకుంది.

"సార్, నేను ఒక్కసారే చేశాను. ఇందులో మూడని ఉంది."

"మూడుసార్లు చేస్తేనే దాన్ని ప్రయోగం అంటారమ్మా."

"అయితే చెయ్యాలిగా సార్?"

"చేసినట్టే."

తోక ఫారం చివరి గడి మీద వేలు పెట్టింది. "చేసినప్పుడు కూడా మీరు లేరు సార్. పెద్దమ్మ ఉంది. పెద్దమ్మ సంతకం పెట్టకూడదా?"

సార్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టి మరీ నవ్వాడు. "పెద్దలంటే వయసులో పెద్దలు కాదు తల్లీ. అర్హత ఉండాలి. సీసాలమ్మ సంతకం పెడితే జడ్జీలు మనందర్నీ సీసాలో పెట్టి బిరడా బిగిస్తారు."

సీసాలమ్మ కూడా నవ్వింది. సార్ జోకు వేస్తే నవ్వడం ఆ గదిలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. తోక మాత్రం నవ్వలేదు.

*

మర్నాడు గురువారం. ఇంకో నాలుగు రోజుల్లో ఫెయిర్. ల్యాబ్‌లో బల్లలన్నీ గోడవారకి జరిపి రంగుకాగితాలు అతికిస్తున్నారు. తోక మూడున్నరకి వచ్చి సీసాలమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర నిలబడింది.

"పెద్దమ్మా, ఇంకో రెండుసార్లు చేస్తా. అప్పుడు ఫారంలో రాసింది అబద్ధం అవదు."

"ఇప్పుడెక్కడే? చూడు, కాలు పెట్టే చోటుందా?"

"స్టోర్‌రూమ్‌లో. రెండూ ఒకేసారి పెట్టేస్తా. తొందరగా అయిపోతుంది."

ఆ పిల్ల మొహంలో పట్టుదల చూస్తే సీసాలమ్మకి ముచ్చటేసింది. స్టోర్‌రూమ్ తాళం తీసింది. ఉన్న ఒక్క కిటికీకీ అడ్డంగా బహుమతుల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటిని జరపాలంటే గంట పడుతుంది. "తలుపు బార్లా తీసే ఉంచు" అంది. చిన్న బ్యాటరీతో ఆలస్యం అవుతుందని పిల్ల బతిమాలితే, అలమరలోంచి పెద్ద కరెంటు డబ్బా తీసి తనే వైర్లు తగిలించింది. రెండు గాజుగ్లాసుల్లోనూ కడ్డీల చుట్టూ బుడగలు మొదలయ్యాయి. సన్నగా బ్లీచింగ్ వాసన వచ్చింది. ఈ వాసన తెలిసిందే. పోయినసారి కిటికీ పక్కన చేశారు, గాలికి పోయింది.

సీసాలమ్మ స్టూలు లాక్కుని గుమ్మం దగ్గర కూర్చుంది. పావుగంట కూర్చుందో లేదో, వరండాలో చెప్పుల చప్పుడు. ప్రిన్సిపాల్ మేడమ్, వెనకాల షామియానా వాళ్లు.

"నువ్విక్కడ కూర్చున్నావా! కింద కుర్చీలు ఎవరు లెక్క చూసుకుంటారు? సోమవారం కలెక్టర్ స్థాయి మనుషులు వస్తున్నారు. నడు, నడు."

"పిల్ల ప్రయోగం చేసుకుంటోందండి..."

"చేసుకోనీ. పిల్లలు చెయ్యాలనేగా ఫెయిర్. ఆ తలుపు మూసెయ్ ముందు, లోపల ఆ చెత్తంతా కనపడి అసహ్యంగా ఉంది."

సీసాలమ్మ లోపలికి తొంగి చూసి, "ఐదు నిమిషాల్లో వచ్చేస్తానే" అంది. తోక లెక్కలో ఉంది, తల ఎత్తకుండానే ఊఁ అంది. సీసాలమ్మ తలుపు లాగి మేడమ్ వెనకాల మెట్లు దిగింది.

నూట ఎనభై కుర్చీలు. పదేసి చొప్పున దొంతరలు దించి, విరిగినవి పక్కన పెట్టి, తుడిచి వరసల్లో వేయాలి. వేదిక మీద పిల్లలు స్వాగత గీతం సాధన చేస్తున్నారు, స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. పైకి వచ్చేసరికి ఇరవై ఐదు నిమిషాలైంది.

స్టోర్‌రూమ్ తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. ఎవరు పెట్టారే ఈ గడియ, కళ్లు కనపడవా మనుషులకి, అని ఆమెకి చర్రున కోపం వచ్చింది. లాగింది. గదిలో పేరుకుపోయిన బ్లీచింగ్ వాసన మొహం మీద కొట్టినట్టు వచ్చింది. తోక గుమ్మానికి ఆనుకునే పడి ఉంది. గొంతులోంచి గాలి ఈలలా వస్తోంది. రెండు అరచేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి, తలుపు బాది బాది.

*

శుక్రవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలోకి సీసాలమ్మని పిలిచారు. అప్పటికే అక్కడ తోక తల్లి నిలబడి ఉంది. కూర్చోమన్నట్టు లేరు. ఖాకీ యూనిఫాం, భుజాన తిత్తి, మెడలో టికెట్ మిషను. ఆస్పత్రి నుంచి వచ్చి, ఇటు నుంచి ఇటే డ్యూటీకి వెళ్లేట్టుంది.

"ప్రాణానికి భయం లేదన్నారు కదా, అది చాలు" అంటోంది మేడమ్. "కాని చెప్పకుండా కరెంటు డబ్బా తీసుకోవడం, తాళం వేసే గదిలో దూరడం, ఇది చిన్న విషయం కాదు. పిల్లే ఒప్పుకుంది."

"ఒప్పుకుంది మేడమ్." ఆవిడ గొంతు బొంగురుగా ఉంది. "నేను పొద్దున పోతే రాత్రి వస్తాను. దాని వెనకాల ఎవరూ ఉండరు. తప్పు నాదే అనుకోండి."

"మేం ఎక్కడికీ కంప్లయింట్ చెయ్యం. టీసీ తీసుకోండి. అందులో దొంగతనం అని రాయం. ఆ పిల్ల భవిష్యత్తు మాకూ కావాలి."

సైన్స్ సార్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "చాలా తెలివైన పిల్లండీ" అన్నాడు బాధగా.

ఆ తల్లి చేతులు జోడించింది. ఒకరికి కాదు, గదిలో ఉన్న ముగ్గురికీ విడివిడిగా. మూడో దండం సీసాలమ్మకి. "అక్కా, సొంత బిడ్డలా చూసుకున్నావు. నీ తాళంలో ఉన్నదాన్నే తీసింది. నువ్వు కూడా మనసులో పెట్టుకోకు."

సీసాలమ్మ నోరు తెరిచింది. డబ్బా నేనిచ్చాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేడమ్ కళ్లజోడు తుడుచుకుంటోంది. సార్ ఆమెకేసే చూస్తున్నాడు, తొందరేమీ లేనట్టు.

"సర్లేమ్మా" అంది సీసాలమ్మ.

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని తెలుసుకోవడానికి ఆమెకి కొంతసేపు పట్టింది. అప్పటికి ఆ తల్లి మెట్లు దిగి వెళ్లిపోయింది.

సార్ టైపు చేసిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. నా అనుమతి లేకుండా, నాకు తెలియకుండా, సదరు విద్యార్థిని...

"సోమవారం పొద్దున తొమ్మిదిలోపు సంతకం పెట్టి ఇచ్చెయ్. నీ మంచికే. తాళాలు నీ దగ్గరుంటాయి, పట్టుకుంటే ముందు నిన్నే పట్టుకుంటారు."

"మరి ఫారం సార్? అందులో మీరు హాజరైనట్టు..."

"ఏ ఫారం?" అన్నాడు సార్.

సాయంత్రం లెక్కపెట్టి చూసింది. ముప్పై ఒకటే ఉన్నాయి.

*

శనివారం ఒంటిపూట బడి. ఆస్పత్రిలో పిల్లల వార్డు రెండో అంతస్తు. దారి పొడుగునా సీసాలమ్మ లోపల దండకం చదువుతూనే ఉంది. సంతకాలు గిలికే చెయ్యి వాడిది. తలుపు మూయమన్న నోరు ఆవిడది. అట్టపెట్టెలు కిటికీకి అడ్డం పెట్టించింది ఆవిడ. నూట ఎనభై కుర్చీలకి ఒక్క మనిషిని పంపింది ఆవిడ. ఫారం మాయం చేసింది వాడు. గడియ పెట్టిన వెధవ ఎవడో, వాడి చెయ్యి పడిపోను. ఇలా ఒక్కొక్కళ్లనీ నిలబెట్టి కడుగుతుంటే ఒంట్లో వేడి పెరిగి, మెట్లు ఎక్కిన ఆయాసం కూడా తెలియలేదు.

తోక దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కు దగ్గర గొట్టం తీసేశారు, ఆ ప్లాస్టర్ గుర్తు బుగ్గ మీద ఇంకా ఉంది. ఆమెని చూడగానే గుసగుసగా, "పెద్దమ్మా, కంగారు పడకండి. నేనే తీశానని చెప్పేశాను" అంది.

"ఎందుకు చెప్పావే?"

"సార్ వచ్చారు, గురువారమే. అమ్మ ఇంకా రాలేదప్పటికి. డబ్బా సీసాలమ్మ ఇచ్చిందంటే ఆవిడ ఉద్యోగం పోతుంది, నువ్వు తీసుకున్నానంటే పిల్లవి కాబట్టి ఎవరూ ఏమీ అనరు అన్నారు." దగ్గు వచ్చి ఆగింది. "అమ్మక్కూడా అదే చెప్పాను. అమ్మకి నోరు ఆగదు, నిజం తెలిస్తే వచ్చి మీ మీద అరుస్తుంది."

సీసాలమ్మకి కళ్లముందు సార్ మొహం కనపడింది. ఊపిరాడని పిల్ల మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, దానికి సీసాలమ్మ మీదున్న ప్రేమనే కొక్కెం చేసి తగిలించాడు. ఆమె పక్క మంచం ఊచ పట్టుకుంది. అది ఇనుము కాకుండా అతని మెడ అయితే బాగుండుననిపించింది.

"వాడి సంగతి నేను చూస్తానే."

"వద్దు పెద్దమ్మా." పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. అరచేయి ఇంకా గరుకుగా ఉంది. అటూ ఇటూ చూసి, మరింత గొంతు తగ్గించింది. "గడియ మాట నేను ఎవరికీ చెప్పలేదు. సార్‌కి కూడా."

"ఏం గడియ?"

చిన్నపిల్లలు అబద్ధం ఆడితే పెద్దవాళ్లు చూస్తారే, అలా జాలిగా చూసింది తోక.

"మీరు వెళ్లేటప్పుడు టక్‌మంది పెద్దమ్మా. నేను విన్నాను. మీరెప్పుడూ అలాగే వేస్తారుగా, అలవాటు. మర్చిపోయి వేశారు." తర్వాత, మాట మార్చడానికన్నట్టు, "మీరు అన్నం తిన్నారా?" అంది.

*

ఆమె మొగుడు దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను. శనివారం సాయంత్రాలు ఆమె పక్కన కూర్చుని, వదులు చేయాల్సిన బట్టల కుట్లు ఊడతీస్తుంది. టైపు కాగితం మిషను బల్ల మీద, కత్తెర కింద ఉంది.

"పెట్టేసెయ్యవే సంతకం" అన్నాడాయన, తొక్కుడు ఆపకుండానే. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఆ పిల్ల ఇంకో బళ్లో చదువుకుంటుంది. నీకింకో బడి ఎవడిస్తాడు, ఈ వయసులో ఒకటో తరగతిలో చేరతావా?"

ఆమె బ్లేడు మొనతో దారం తెంపుతోంది. టక్. టక్.

"అయ్యయ్యో, అది ఊడతియ్యమన్న కుట్టు కాదే! భుజం కుట్టు." ఆయన మిషను ఆపాడు. "అత్త మీది కోపం దుత్త మీదా? అది గిరాకీ చొక్కా. ఇంతకీ నీ కోపం ఎవరి మీద? సార్ మీదేనా?"

"వాడి మీద, ఆవిడ మీద, అందరి మీదా."

"అందరి మీదా కోపం వచ్చినవాడు హాయిగా నిద్రపోతాడు. నువ్వు రెండు రోజులుగా పడుకోలేదు."

ఆమె బ్లేడు కింద పెట్టింది. కుడిచేతి చూపుడువేలు కేసి చూసుకుంది. తలుపు లాగగానే అది తనంతట తను పైకి వెళ్లి, గడియ జరిపి, మళ్లీ కిందికి వచ్చేస్తుంది. ఇరవై రెండేళ్లుగా రోజుకి పదిసార్లు. ఆ పని ఆమెతో చెప్పి చేయదు. గురువారం కూడా చెప్పలేదు. చెప్పలేదు కాబట్టే, గడియ పెట్టిన వాడెవడో దొరికితే చంపేద్దామని రెండు రోజులు వెతికింది. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ వరసగా ఏరుకుంటూ వచ్చి, తన వేలి దగ్గరికి రాగానే పక్కకి తప్పుకుంది. ఆ టైపు కాగితం సార్‌ని ఎంత కాపాడుతోందో తననీ అంతే కాపాడుతోంది. ఇద్దరికీ కాపలా ఆ ఆస్పత్రి మంచం మీది పదమూడేళ్ల పిల్ల.

"చూడవయ్యా" అంది. "ఖాళీ ఫారం ఒకటి నా సంచిలో ఉంది. ఇలా అందుకో."

"మూడు కలాలూ కావాలా?" అన్నాడాయన అలవాటైన వెటకారంతో. ఆమె మొహం చూసి, మిషను సొరుగులోంచి తన ఆదుల కొలతలు రాసుకునే పెన్సిలు తీసి, కాదని పక్కన పెట్టి, కలం వెతికి ఇచ్చాడు.

*

ఆదివారం మధ్యాహ్నం బస్ డిపో. రెండు ట్రిప్పుల మధ్య కండక్టర్లకి పది నిమిషాలు. తోక తల్లి కుళాయి దగ్గర సీసా నింపుకుంటోంది.

"అక్కా! నువ్విక్కడ?" మొహం విప్పారింది. "పిల్లని చూడ్డానికి వెళ్లావట, చెప్పింది. నీ రుణం..."

"ఆగమ్మా. అలా అనకు." సీసాలమ్మ ఊపిరి పీల్చుకుంది. "పిల్ల ఏమీ దొంగిలించలేదు. డబ్బా నేనిచ్చాను. వైర్లు నేను తగిలించాను. ఆ గదిలో నేనే కూర్చోబెట్టాను."

సీసా నిండి నీళ్లు చేతి మీంచి కారుతున్నాయి. ఆవిడ కుళాయి కట్టలేదు.

"మొన్న మేడమ్ గదిలో సర్లేమ్మా అన్నావు."

"అన్నాను."

"నేను నీకు దండం పెడితే తీసుకున్నావు."

"తీసుకున్నాను."

ఆవిడ మొహంలో రంగు మారడం సీసాలమ్మ చూసింది. ఇప్పుడే ఆగిపోవచ్చు. సార్ పేరు చెప్పవచ్చు. ఆస్పత్రికి వచ్చి పిల్లకి అబద్ధం నూరిపోసింది అతనని చెప్తే, ఈ కోపమంతా అటు తిరుగుతుంది. చెప్పాలి, అదీ చెప్పాలి. కాని ముందు అది కాదు.

"కుర్చీలు వేయమని మేడమ్ పిలిస్తే కిందికి వెళ్లాను. తలుపు మూయమంటే మూశాను. బయట గడియ ఎవరూ పెట్టమనలేదు. నేను పెట్టాను. పిల్ల తలుపు కొట్టింది. ఇరవై ఐదు నిమిషాలు."

తిత్తి భుజం మీంచి జారి మోచేతి దగ్గర ఆగింది. ఆవిడ చెయ్యి లేచింది. సీసాలమ్మ కదల్లేదు. చెయ్యి గాల్లోనే ఉండి, ఆఖరికి ఆమె చీర భుజం దగ్గర గుప్పెట్లోకి బిగిసింది.

"గడియ పెట్టావా? నా బిడ్డని లోపల పెట్టి? దాని చేతులు చూశావా నువ్వు? పడిపోయినప్పుడు నేలకి కొట్టుకున్నాయంది నాతో!" గుడ్డ చిరిగిన చప్పుడైంది. అవతల టీ తాగుతున్న డ్రైవర్లు ఇటు తిరిగారు. "నిన్ను చూసుకునేగా నేను ధైర్యంగా డ్యూటీకి పోయేదాన్ని! ఇంకెవర్ని చూసుకుని? ఆ సార్‌నా? ఆ మేడమ్‌నా? వాళ్ల మొహాలు నాకు తెలుసా? నువ్వున్నావని! నువ్వు, నువ్వు ఉన్నావని!"

"అవును" అంది సీసాలమ్మ. "నేనే ఉన్నాను."

ఆ స్కూల్లో అంత సూటిగా ఆమెని ఎవరూ ఏనాడూ నిలదీయలేదు. నిలదీయడానికైనా మనిషి లెక్కలో ఉండాలి. కళ్లలో నీళ్లు వచ్చాయి, కాని తుడుచుకోలేదు. తుడుచుకుంటే జాలి అడిగినట్టుంటుంది. జాకెట్లోంచి ఫారం తీసి ఇచ్చింది.

ఆవిడ నిలబడే చదివింది. ఎన్నింటికి గది తీసింది, ఏ డబ్బా ఇచ్చింది, కిటికీకి ఏం అడ్డం ఉంది, ఎవరు పిలిచారు, ఎవరు ఫారాల మీద చూడకుండా సంతకాలు చేస్తారు, తేదీలు ఎవరు వేస్తారు, ఆస్పత్రిలో పిల్లకి ఎవరు ఏం చెప్పారు, గడియ ఎవరు పెట్టారు. కింద గడిలో వంకరటింకర అక్షరాలతో ఒక పూర్తి పేరు, అదీ ఒకే కలంతో.

అయిదో నంబరు బస్సు హారన్ కొట్టింది. "అమ్మా, టైమైంది!" అని డ్రైవరు కేక.

"ఆగవయ్యా, నీ బస్సుకి రెక్కలేమన్నా వచ్చాయా!" అని అరిచి, ఆవిడ మళ్లీ మొదటి వరస నుంచి చదివింది. తర్వాత ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి యూనిఫాం జేబులో దోపి గుండీ పెట్టుకుంది.

"నిన్ను నేను క్షమించను."

"వద్దు."

"ఎన్నింటికి మొదలు, మీ ఫెయిరు?"

"తొమ్మిదింటికి. జడ్జీలు పదింటికి వస్తారు."

"ఇదంతా వాళ్ల ముందు నోటితో చెప్పాలి నువ్వు. కాగితం చింపేస్తే చిరిగిపోతుంది. సెలవు పెట్టి వస్తాను. నువ్వు చెప్తున్నంతసేపూ నీ పక్కనే నిలబడతాను. ఒక్క మాట మింగావో, నా చెయ్యి ఈసారి ఆగదు."

"రా" అంది సీసాలమ్మ. "తప్పకుండా రా."

ఆవిడ పరుగెత్తి ఫుట్‌బోర్డు ఎక్కి, రేకు మీద రెండు దరువులు వేసింది. బస్సు కదిలింది. లోపల ఎవరో టికెట్ అడుగుతున్నా వినిపించుకోకుండా, ఊచ పట్టుకుని వెనక్కే చూస్తూ నిలబడింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చూపు మరలలేదు. చిరిగిన భుజం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని సీసాలమ్మ కూడా, తల దించకుండా, ఆ చూపుకి ఎదురుగానే నిలబడింది.